వేట బరువు

వేట యనగానే మనకు తుపాకి జ్ఞప్తికి వచ్చును; త్రాడు రాదు. పులి కూలెను, దొరగారు దాని చెంత నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనిరి. కథ ముగిసినట్లే తోచును. అడవిలో పనిచేయువారికి మాత్రము కథ అప్పుడే మొదలగును. బలిసిన మగపులి 200 కిలోగ్రాములు తూగును. కణుజుపోతు అంతకు తీసిపోదు. అడవిదున్నలలో 800 కిలోలకు పైబడినవి కలవు. బండి పోజాలని వాగులో పడియున్న ఈ బరువును గట్టునకు చేర్చుట యెట్లు?

ఈ ప్రశ్నకు యంత్రశాస్త్రము చెప్పు సమాధానము గిలక. కొమ్మకు కట్టిన గిలక ఒక్కటే యున్నచో బరువు తగ్గదు, లాగు దిక్కు మాత్రము మారును. బరువుతోపాటు కదలు గిలకను వేరొకదానిని చేర్చినచో సగము బలము చాలును. త్రాడు నాలుగు పేటలుగా బరువును మోసినచో 200 కిలోలకు 50 కిలోల లాగుడు సరిపోవును. ఇది కాగితముమీది లెక్క. ఇరుసు రాపిడి తన పాలు తాను తీసికొనక మానదు. పైగా మెకము ఒక గజము లేచుటకు నాలుగు గజముల త్రాడు లాగవలెను. కావున త్రాడు పొడవుగా నుండవలెను. పొడవైన త్రాడు తానే యొక బరువు. జనుప త్రాడు, గోగునార త్రాడు తడిసినచో మరింత బరువెక్కును. 1935లో అమెరికాలో కనుగొనబడిన నైలాను ఈ చిక్కును చాలవరకు తీర్చినది. 8 మిల్లీమీటర్ల నైలాను త్రాడు 30 మీటర్లు కిలోకు కొంచెము పైన మాత్రమే తూగును. ఆ దేశమున కొండలలో ఒంటరిగా వేటాడువారు ఇట్టి త్రాటిని, అరచేత నిముడు గిలకలను సంచిలో వేసికొని పోవుదురు.

మన ఓరుగంటి సీమలో పూర్వము పెద్ద వేటలకు కొదవ లేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పులివేటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. 1889 నాటికి బెజవాడ వరకు రైలుదారి పడుటతో నెక్కొండ మీదుగా పాకాల అడవులకు దారి సులభమయ్యెను. రాజా దీన్‌దయాళ్ తీసిన నిజాము వేట చిత్రములలో డేరాలు, ఏనుగులు, పరివారము, వరుసగా పరచిన పులులు కానవచ్చును. ఆ పులులను అచటికి చేర్చిన భుజములకు చిత్రములలో పేరులు లేవు.

అప్పటివారికి త్రాడు తెలియదని కాదు. చెట్టు పంగలో నులకమంచము కట్టి మంచెగా చేసికొనుటకు త్రాడే ఆధారము. తాను మంచె నెక్కినపిదప గుండు తీసిన తుపాకిని త్రాటితో మీదికి లాగుకొనుట వేటకాని మొదటి జాగ్రత్త. గిలకయు క్రొత్తది కాదు. తెలంగాణమున మోట కొట్టిన ప్రతి బావిమీదను గిలక కిర్రుమనినదే. ఆ చప్పుడు విని నిద్ర లేచినవారు మా పాఠకులలో నింకను కొందరుందురు. తోలు బొక్కెనకు మీద మోకు ఒకటి, తొండమునకు సన్నని త్రాడు మరియొకటి. ఎద్దులు వాలున దిగుచుండగా నీరు తనంతట తానే కాలువలో పడును. ఇంత చాతుర్యము బావిగట్టున నుండగా అడవిలోనికి ఏల పోలేదు?

మాకు తోచిన కారణము ఇది: మోయువాడు వేరు, వేటాడువాడు వేరు. అధికారులు సంచారమునకు వచ్చినప్పుడు ఊరివారు వారి సామానులను వెట్టికి మోయవలసిన కాల మది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ ఈ వెట్టి పోవలెనని కోరినది. వెదురుబొంగునకు కట్టి ఎనమండుగురు మోయగా గిలకతో పని యేమి?

తన బరువును తానే మోసికొనువాడు మాత్రము ఎన్నడో తేలిక సామాను నేర్చుకొనెను. గౌడుల మోకు ముస్తాదులను చూడుడు. భుజమున వేసికొని ఊరికి దూరముగా తాటివనమునకు నడచిపోవుటకు అనువైనవి. చెట్టుమీద నిండు మనిషిని నిలుపుటకు చాలినవి. ఒక్క ముడి ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ కులమువాడే యైన సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లు కోటమీద పడినప్పుడు అతని భటులు త్రాళ్లు వేసి గోడ లెక్కిరని చరిత్రకారులు వ్రాసియున్నారు.

1952లో పాకాల అభయారణ్యమయ్యెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో దేశమున వేట నేరమయ్యెను. మోటలును పోయినవి; కరెంటు మోటార్లు వచ్చినవి. గిలకలు ఊడిన పాతబావులు మాత్రము గోడలు లేక పొలములలో నోరు తెరచుకొని యున్నవి. రాత్రివేళ నీటికై వచ్చిన ఎలుగుబంటియో చిరుతయో వానిలో పడుటయు, తెల్లవారి అటవీశాఖవారు వలలు, త్రాళ్లు తెచ్చి ప్రాణముతో పైకి లాగుటయు దేశమున పలుచోట్ల జరుగుచున్నది. ఒడ్డున త్రాడు పట్టుకొని లాగువారిలో ఊరివారును ఉందురు.