నూటికి యాభై అంటే ఎంత?

మొన్న వసంత పంచమికి మా మనవడి అక్షరాభ్యాసానికని బాసర వెళ్ళాం. పూజ అయ్యాక గోదావరి ఒడ్డున కాస్సేపు కూర్చుంటే మా చిన్నమ్మ మెల్లగా ఒక మాట కదిపింది. చిన్నాయన పోయాక ఆవిడ చేతికి నాలుగు లక్షలు వచ్చాయి. అదే ఆవిడ ఆస్తి.

"బిడ్డా, ఒక కంపెనీ ఉన్నదట. ఏటా నూటికి యాభై డివిడెండు ఇస్తరట. నాలుగు లక్షలు పెడితే ఏడాదికి రెండు లక్షలు రావాలె గద! పెట్టమంటవా?" అని అడిగింది.

"షేరు ధర ఎంతట చిన్నమ్మా?" అన్నాను. రెండువందలని చెప్పింది. అక్కడే ఉంది కిటుకు. నూటికి యాభై అనేది మనం పెట్టిన ధర మీద కాదు, షేరు కాగితం మీద అచ్చువేసిన ముఖవిలువ మీద. ఆ షేరు ముఖవిలువ పది రూపాయలు. అంటే షేరుకు వచ్చేది ఐదు రూపాయలు. నాలుగు లక్షలకు రెండువేల షేర్లు వస్తాయి. వాటి మీద ఏడాదికి పదివేలు. మన లెక్కలో నూటికి రెండున్నర మాత్రమే! చిన్నమ్మ నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది.

ఈ తికమక ఈనాటిది కాదు. మనం బాసరకు దిగిన రైలునే తీసుకోండి. 1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులోనే ఉంది చూడండి, గ్యారంటీ అని! వాటాదారులు పెట్టిన మూలధనం మీద ఇరవై ఏళ్ళపాటు నూటికి ఐదు వంతున ముట్టేట్టు నిజాం ప్రభుత్వం పూచీ పడింది. రైలు గడించకపోతే ఆ లోటు ఖజానా పూడ్చాలి. సికింద్రాబాదు నుంచి బాసర మీదుగా మన్మాడుకు పోయే లైను 1900 ప్రాంతంలో పడ్డాక దాన్ని నడిపిందీ ఆ కంపెనీయే. చివరికి 1930లో ప్రభుత్వమే రైల్వేను కొనేసింది. లండనులో ఉన్న వాటాదారుకు చేతికి వచ్చింది చక్కని రాబడే. కాని అది రైలు సంపాదనా, రైతు కట్టిన శిస్తా? డివిడెండు చూడగానే ముందు అడగవలసింది ఇదే: ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నది?

రెండో కథ బొగ్గుది. 1871లో భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో గనుల హక్కులు పొందిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ లండనులో వెలిసింది. పది పౌన్ల షేర్లు లక్ష. అందులో 85 వేలు హక్కులు సంపాదించినవాళ్ళకే పోయాయి. గనిలో దిగిన సొమ్ము కొద్ది, కాగితం మీద పెట్టుబడి కొండంత! పైగా నిజాం ప్రభుత్వం చేత పదివేల షేర్లు, ఒక్కొక్కటి 12 పౌన్లకు కొనిపించారు. కొనిపించిన అధికారి అబ్దుల్ హక్‌కే ఆ అమ్మకంలో లాభముందని బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపింది.

విచిత్రమేమిటంటే, గని అబద్ధం కాదు. 1889లో బొగ్గు తవ్వడం మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా మారి, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. ఈనాడు అందులో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వంతుల వాటా. కనుక డివిడెండు వెళ్ళేది ప్రభుత్వాలకే. వ్యాపారం మంచిదైనా, ఎవరు అమ్ముతున్నారో, ఏ ధరకు అమ్ముతున్నారో చూడకపోతే ప్రభుత్వమంతటిదే మోసపోయింది. మనమెంత?

మూడోది ఆదిలాబాదు వాళ్ళకు బాగా తెలిసినదే, సిర్పూరు కాగితపు మిల్లు. 1938లో స్థాపించారు. ఆ మిల్లు వల్లనే ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు వచ్చింది. ఎన్నో ఏళ్ళు పేరున్న కంపెనీ. 2014లో మూతపడింది. 2018లో దివాలా చట్టం క్రింద జేకే పేపర్ సంస్థ చేతికి వెళ్ళి మళ్ళీ తెరుచుకుంది. ఇటువంటప్పుడు చట్టంలో ఒక వరస ఉంటుంది. కార్మికులు, అప్పులిచ్చినవాళ్ళు ముందు, వాటాదారులు అందరికన్నా వెనక. విస్తరి వేసి కూర్చోవడమే మన వంతు, వడ్డన మన దాకా వస్తుందని లేదు.

మరి షేర్లు కొనకూడదా అంటారా? కొనవచ్చు. ఇంట్లో బియ్యం ఏరినంత ఓపికగా నాలుగు సంగతులు ఏరి చూడండి. ఒకటి, డివిడెండును ముఖవిలువతో కాక ఈనాటి ధరతో భాగించండి. రెండు, ఒక్క ఏడు కాదు, పదేళ్ళ వరస చూడండి; స్థలమో భవనమో అమ్మి ఒకసారి పంచితే అది ఏటా రాదు. మూడు, షేరుకు వచ్చిన లాభమెంత, పంచినదెంత అని చూడండి. పది రూపాయలు సంపాదించి నాలుగు పంచే ఇల్లు నిలబడుతుంది, పన్నెండు పంచే ఇల్లు అప్పులో పడుతుంది. నాలుగు, అప్పు పెరుగుతున్నదా తరుగుతున్నదా? ఇవన్నీ కంపెనీ వార్షిక నివేదికలో ఉంటాయి.

ఇంకో మాట. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను కంపెనీ కాదు, పుచ్చుకున్న మనం మన ఆదాయాన్ని బట్టి కట్టుకోవాలి. ఏడేళ్ళు తీసుకోని డివిడెండు ప్రభుత్వ నిధికి పోతుంది. వరసగా ఏడేళ్ళూ తీసుకోకపోతే షేర్లూ పోతాయి. మళ్ళీ రాబట్టుకోవచ్చుగాని తిరగాలి. కనుక బ్యాంకు ఖాతా, చిరునామా, నామినీ పేరు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

చిన్నమ్మ ఏం చేసిందంటారా? మూడున్నర లక్షలు పోస్టాఫీసులో వృద్ధుల పొదుపు పథకంలో వేసింది. తక్కిన యాభైవేలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. "ఆ కంపెనీ నివేదిక తెచ్చి చదివి వినిపించు, అప్పుడు చెప్త" అంటున్నది. నేనింకా తేలేదు. ఈ ఆదివారం నాకు అదే పని!