బట్వాడ రోజు నుంచి బోనస్ మెసేజ్ దాకా

రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాటి గోదావరిఖని వైపు పోతుంటే దారిలో తగిలే సిమెంటు ఊరు బసంత్‌నగర్. బసంత్ కుమార్ బిర్లా పేరు మీద వెలిసింది. కేశోరాం సిమెంటు మొదటి యూనిట్ 1969లో, రెండోది 1971లో, మూడోది 1978లో మొదలయ్యాయి. ఇక్కడి ఎయిర్‌స్ట్రిప్ మీద 1980లలో కొన్నాళ్లు వాయుదూత్ విమానాలు కూడా దిగాయి. విమానాలు దిగిన ఊళ్లోనే నెలాఖరుకు కిరాణా కొట్టులో ఖాతా రాయించుకునే ఇళ్లకూ కొదవ లేదు. ఇంకాస్త ముందుకు పోతే రామగుండం, ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీ, సింగరేణి గనులు. నెల తిరగ్గానే జీతం అందే ఇళ్లు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు తెలంగాణలో తక్కువే. ఈ పట్టీలో జీతం చాలక చితికిన సంసారాలకంటే, జీతం ఏ రోజు అందుతుందో అప్పిచ్చేవాడికి ముందే తెలిసి చితికినవి ఎక్కువని నా లెక్క.

1960ల తొలినాళ్లలో గోదావరిఖనిలో గనులు మొదలైనప్పుడు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లకు నెల జీతం కొత్త. ఊళ్లో పంట చేతికొస్తే గింజలు, లేకపోతే పస్తు. గనిలో కోల్ ఫిల్లర్‌కు ఎన్ని టబ్బులు నింపితే అన్ని పైసలు. కంపెనీ క్వార్టర్, కరెంటు, పొయ్యిలోకి బొగ్గు ఇచ్చింది. సంసారంలో సగం ఖర్చు కంపెనీయే మోసిందన్న మాట. మిగిలింది దాచుకోవాల్సిన డబ్బు. కానీ నిజాం రాజ్యంలో పల్లెపల్లెకూ తిరిగి మిత్తికిచ్చిన రోహిల్లాల వారసత్వం గని గేటు దగ్గరికీ వచ్చింది. మనుషులు మారారు, పద్ధతి మారలేదు. జీతాలు పంచే బట్వాడ రోజున కార్మికుడు కౌంటరు నుంచి ఇంటికి చేరేలోపే వసూలు చేసుకోవాలి, అంతే. ఆ రోజుల్లో అప్పులవాళ్ల చేతికి చిక్కని పొదుపు ఒక్కటే: 1948 చట్టంతో వచ్చిన బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్. అది కూడా జీతం చేతికి రాకముందే కోసేయబట్టి మిగిలింది.

సారా గురించి ఎంత రాసినా తక్కువే. షిఫ్టు దిగి బొగ్గు దుమ్ము కడుక్కున్నాక ఒళ్లు నొప్పుల పేరుతో మొదలయ్యేది, జీతంలో పెద్ద వాటా మింగేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచాక రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సర్కారుకే ఖజానా లెక్క కుదరక సంపూర్ణ నిషేధం సడలింది. ఇంటి ఖర్చు సర్దుకొమ్మని ఆడవాళ్లకు చెప్పే సర్కారు తన ఖర్చు సర్దుకోలేకపోయింది.

ఆ ఉద్యమం నుంచే పొదుపు పుట్టింది. నెల్లూరు ఆడవాళ్లు రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. మన పాత కరీంనగర్ జిల్లాకు ఇది మరీ కొత్తేమీ కాదు. ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లోనే సహకార గ్రామీణ బ్యాంకు పెట్టారు. అప్పు పుట్టించుకోవడానికి షావుకారి గడప ఎక్కనక్కర లేదని ఒక ఊరు చేసి చూపించింది. అదే జిల్లాలో, అంతకంటే ఎన్నో రెట్లు నగదు తిరిగే బొగ్గు పట్టీలో, ఆడవాళ్ల పొదుపు అంత బలంగా ఎదగలేదు. జీతం మగవాడి పేరున, లెక్క మగవాడి జేబులో ఉండటమే దీనికి కారణమని నాకనిపిస్తుంది.

ఆ ఖాళీలోకి వచ్చింది గిరిగిరి. పదివేలు కావాలంటే ముందే పదిహేను వందలు పట్టుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. బండి మీద వచ్చి చిన్న పుస్తకంలో టిక్కు పెట్టి పోతారు. తీసుకున్నవాళ్లు "నూటికి పదిహేనే కదా" అనుకుంటారు. రోజూ అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి వంద రోజుల సగటున మన దగ్గరున్నది నాలుగు వేల పైచిలుకే. దాని మీద పదిహేను వందలంటే ఏడాదికి నూటికి నూట పాతిక పైనే. నెలకు నూటికి ఐదు రూపాయల మిత్తి అంటే అమ్మో అనేవాళ్లు కూడా దీన్ని చిన్న ఫైనాన్స్ అనే అనుకుంటారు. తరువాత మైక్రోఫైనాన్స్ వచ్చింది. వసూళ్ల ఒత్తిడి ప్రాణాల మీదికి వచ్చేసరికి 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో అప్పిచ్చే యాప్ వచ్చి కూర్చుంది.

కంపెనీ ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకం మీద కూడా ఇక్కడ సంసారాలు నడిచాయి. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. అదే ఆవరణలో కొత్త యూరియా ఫ్యాక్టరీ నడిచేసరికి 2021 అయింది. మధ్యలో ఒక తరం పిల్లలు చదువులు ముగించి వేరే ఊళ్లకు పోయారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బసంత్‌నగర్ ఫ్యాక్టరీ కూడా 2025లో కేశోరాం చేతి నుంచి అల్ట్రాటెక్‌కు పోయింది.

2023 వానాకాలం చివర చూసినంత డబ్బు ఈ పట్టీ ఎప్పుడూ చూడలేదు. సింగరేణి కార్మికులకు పదకొండో వేజ్ బోర్డు తాలూకు 23 నెలల బకాయి సెప్టెంబరులో పడింది. దసరా ముందు 32 శాతం లాభాల వాటా కింద 711 కోట్లు, దీపావళికి తలా 85 వేల బోనస్. మూడు నెలల్లో మూడు సార్లు ఫోన్ మోగింది. ఈ డబ్బు రావడానికి ముందే దాని మీద బండి బుక్ చేసినవాళ్లు, ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు, చిట్టీ పాడినవాళ్లు ఉన్నారు. అలాంటి ఇంట్లో పండగ వెళ్లాక మిగిలేది పాత జీతం, కొత్త కిస్తీ. అదే గనిలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఆ ఏడాది లాభాల్లో వాటా లేదు. మరుసటి ఏడాది మాత్రం తలా ఐదువేలు ఇచ్చారు. సిమెంటు కార్మికుడికి లాభాల వాటా అన్న మాటే లేదు, చట్టం చెప్పిన బోనస్‌తోనే పండగ. ఖర్చు విషయంలో మాత్రం బసంత్‌నగర్ గోదావరిఖనిని చూసి నడుస్తుంది. పెళ్లికి అంతే ఫంక్షన్ హాల్, పిల్లలకు అదే కార్పొరేట్ కాలేజీ. బసంత్‌నగర్‌ను ముంచేది ఈ పోలికే.

ఇక రిటైరయ్యాక. గని కార్మికుడికి 1998 పెన్షన్ పథకం కింద వచ్చేది ఆఖరి నెలల సగటు జీతంలో మహా అయితే నాలుగో వంతు. ఒకసారి ఖరారయ్యాక కరువు భత్యం కలవదు, పెరగదు. ఎప్పుడో రిటైరైన వాళ్లలో కొందరికి వెయ్యి రూపాయలు కూడా రాని రోజులు చూశాం. సిమెంటు కార్మికుడిది 1995 పథకం. పదిహేను వేల జీతం పరిమితి మీద లెక్క కట్టేది కాబట్టి ముప్పై ఏళ్లు చేసినా చాలామందికి ఏడు వేలు దాటదు. లక్ష దాకా జీతం చూసిన గని కార్మికుడి ఇల్లు ఒక్క నెలలో అందులో నాలుగో వంతుకు దిగాలి. అదే నెలలో గ్రాట్యుటీ, ఫండ్ కలిపి లక్షలు చేతికొస్తాయి. అల్లుడి వ్యాపారం, కొడుకు ప్లాటు, రెండో అంతస్తు అన్నీ ఆ నెలలోనే గుర్తొస్తాయి.

ఇప్పుడు డ్యూటీలో ఉన్న అన్నదమ్ములకు, వాళ్ల ఇంటి ఆడవాళ్లకు నేను అడిగేది ఒక్కటే. రిటైర్మెంటుకు ఐదేళ్లు ఉండగానే వచ్చే పెన్షన్ అంకె కాగితం మీద రాసుకుని, వరుసగా మూడు నెలలు ఆ డబ్బుతోనే ఇల్లు నడిపి చూడండి. దసరాకు వచ్చేదాన్ని నెల ఖర్చులో కలపకండి. ఫండ్ ఆఫీసుకు పోయేటప్పుడు ఇద్దరూ కలిసి పోండి, నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో అక్కడే చూసుకుని రండి.