గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు: చెప్పేదెంత, చెప్పలేనిదెంత

కన్నడంలో గర్భకంఠమన్నా, తెలుగులో గర్భాశయ ముఖద్వారమన్నా అవయవం ఒక్కటే. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల స్త్రీల చేతికందే పరీక్ష చీటీ కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఇంటికి వచ్చి తెలుగులో చెప్పుకొనేసరికి అందులోని ‘నార్మల్’ అన్న మాట ‘జబ్బు లేదు’గా మారిపోతుంది. ఈ రెండింటికీ భేదం ఉన్నది.

డాక్టర్ జార్జి పాపనికొలావ్ పేరిట వచ్చిన పాప్ పరీక్షలో ముఖద్వారం నుండి గీకి తీసిన కణాలను గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినితో చూస్తారు. గీకిన చోట చెడు కణాలు లేకపోయినా, రక్తమో చీమో వాటిని కప్పివేసినా, చూచేవారి కన్ను తప్పినా ‘నార్మల్’ అనే వస్తుంది. కనుక ఇది ఒక్కసారితో సరిపెట్టుకొనే పరీక్ష కాదు.

పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, నిమిషం తరువాత తెల్లమచ్చ కోసం చూచే పరీక్షకు ల్యాబు అక్కరలేదు. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి దీనినే సూచించాయి. అయితే మామూలు వాపు కూడ తెల్లగా కనిపించవచ్చు. ముట్లుడిగిన వారిలో చూడవలసిన భాగం లోపలికి జరిగిపోతుంది గనుక వారికి ఇది అంతగా పనికిరాదు. హైదరాబాదు సమీపంలోని మేడ్చల్‌లో మూడు పరీక్షలను పోల్చి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఎక్కువ జబ్బు జారిపోయినది ఈ పరీక్షలోనే.

మూడవది హెచ్‌పివి పరీక్ష. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో జరిగి 2009లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఈ పరీక్ష ఒక్కసారి చేసిన గ్రామాలలో ఈ క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. మిగిలిన రెండు పరీక్షలతో అంత స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు. కాని ఇది పట్టేది వైరస్‌ను, క్యాన్సర్‌ను కాదు. సోకిన వారిలో అధికులకు ఒకటి రెండేళ్ళలో అది తానే పోతుంది. ఏళ్ళ క్రితం సోకినదైనా ఇప్పుడు బయటపడవచ్చును; కాబట్టి చీటీలో ‘పాజిటివ్’ చూచి భార్యను భర్త, భర్తను భార్య అనుమానించడం తగదు. చేయవలసినది తదుపరి పరీక్ష: దుర్భిణితో ముఖద్వారాన్ని చూచి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరిశీలించడం. క్యాన్సర్ అవునో కాదో తేల్చేది ఆ ముక్కే. అందుకోసం బెంగుళూరు కిద్వాయి ఆసుపత్రి దాకా వెళ్ళవలసి వస్తే ఒక రోజు కూలి పోతుంది, నిజమే. వెళ్ళకపోతే మొదటి పరీక్ష చేయించుకొన్న ఫలం కూడ దక్కదు.

ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా, సంగమానంతరం గాని నెలసరుల మధ్య గాని రక్తస్రావమైనా, దుర్వాసనతో స్రావమున్నా పాత ‘నార్మల్’ చీటీని నమ్మి కూర్చోరాదు. ఈ మూడు పరీక్షలూ ఏ బాధా లేనివారి కోసం ఏర్పడినవి. లక్షణాలున్నవారు ఆ చీటీని వెంట తీసుకొని, పరీక్ష గడువు కోసం ఆగక, నేరుగా స్త్రీల వైద్యురాలికి చూపించుకోవలెను.