సూక్ష్మజీవి తస్వీరు, హుసేన్ ఖాన్ ఖూను



మొన్న మా చిన్నది సైన్స్ రికార్డులో బాక్టీరియా బొమ్మలు గీస్తూ, "అబ్బా, వీటిని మొట్టమొదట ఎవరు గీశారు?" అని అడిగింది. జవాబు మా ఊరి నుంచే మొదలుపెట్టాను.

మా భీమిలిలో డచ్చివాళ్ళ పాత ఖబరస్తాన్ ఉంది. 17వ శతాబ్దంలో వాళ్ళు ఇక్కడికి తిజారత్ కోసం వచ్చారు. మన తీరంలో నేసిన గుడ్డ ఓడలకెక్కించేవారు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు. సమాధి రాళ్ళమీద వాళ్ళ పేర్లు ఇంకా ఉన్నాయి. గుడ్డ నేసిన చేతుల నామోనిషాన్ అక్కడ లేదు.

ఆ డచ్ కంపెనీకి హాలెండులోని డెల్ఫ్ట్‌లోనూ ఒక శాఖ ఉండేది. అదే ఊళ్ళో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. గాజుపూస లాంటి చిన్న కటకాలు సొంతంగా అరగదీసుకుని, కంటికి కనపడనివన్నీ చూసేవాడు. రోజూ ఉప్పుతో పళ్ళు తోముకున్నా సందుల్లో తెల్లటి పాచి మిగిలేది. దాన్ని వాననీటిలో కలిపి చూస్తే ప్రాణులు కదులుతున్నాయి! మిస్వాక్ అలవాటున్న మన నానీలు వింటే, "అందుకే కదా తోముకోమన్నది" అనేవాళ్ళు.

1683 సెప్టెంబరు 17న ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి రాశాడు, బొమ్మలతో సహా. పుల్లల్లాంటివి, మెలికలు తిరిగినవి; ఒకటి కదిలిన దారిని చుక్కలతో చూపించారు. బాక్టీరియాకు మనకు తెలిసిన మొదటి తస్వీర్లు ఇవే. గీసింది మాత్రం ఆయన కాదు, ఉజ్రత్ ఇచ్చి పెట్టుకున్న ఒక చిత్రకారుడు. "చిత్రకారుడు" అంటాడే తప్ప ఆ మనిషి పేరు రాయడు.

వీటికీ బీమారీలకీ సంబంధం తేలడానికి దాదాపు రెండొందల ఏళ్ళు పట్టింది. 1876లో రాబర్ట్ కోచ్ అనే జర్మన్ పల్లెటూరి డాక్టరు, పశువుల్ని చంపే ఆంత్రాక్స్ బాక్టీరియా జీవితమంతా దశల వారీగా గీసి అచ్చు వేయించాడు. పుల్ల పొడుగై దారమవుతుంది. దారంలో తస్బీహ్ దానాల్లా బీజాలు వరుస కడతాయి. మరుసటి ఏడే బాక్టీరియా ఫొటోలు అచ్చు వేయించాడు. గీసే చేతికి మనసులో ఉన్నదే గీసే గుణం ఉంటుందని ఆయన అనుమానం.

ఇక మన దగ్గరి సంగతి. మలేరియా క్రిమి బాక్టీరియా కాదు, పరాన్నజీవి. దోమలో అది ఏమవుతుందో వెతుకుతూ రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో ఉన్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్క అణా. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నల్లటి రంగు రేణువులతో గుండ్రటి కణాలు. వాటిని నోటుబుక్కులో గీసుకున్నాడు. మర్నాడు చివరి దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై కనిపించాయి. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుతారు.

రాస్ మెహనత్‌ను తక్కువ చేయను. ఎండలో, చెమటలో, వందల దోమల్ని కోసిన మనిషి. కానీ ఆ బొమ్మలోని నల్లచుక్కలు హుసేన్ ఖాన్ ఖూనులోంచి వచ్చినవి. బుఖారుతో పడి ఉన్నవాడికి అణాలు చూపించి అడిగితే, కాదనే ఇఖ్తియార్ ఎంతవరకు ఉంటుంది? ఇవాళైతే రోగి ఇజాజత్ రాతపూర్వకంగా తీసుకోనిదే అలాంటి ప్రయోగం చేయనివ్వరు.

అంతా విని మా చిన్నది రికార్డు మళ్ళీ తెరిచింది. మలేరియా బొమ్మ కింద "రోనాల్డ్ రాస్, 1897" అని ఉంది. పక్కనే పెన్సిల్‌తో "హుసేన్ ఖాన్" అని చేర్చింది. టీచరు కొట్టేస్తారేమో, తెలీదు. నేను మాత్రం చెరపమని చెప్పలేదు. ఆగస్టు 20న మీ బిడ్డలకు రాస్ పేరుతో పాటు ఆ పేరూ చెప్పండి. వీలైతే ఒక ఫాతిహా చదవండి.