కత్తిపీట, మొద్దు, కోతచెక్క

మహబూబాబాదునకు మానుకోట యని వేరొక పేరు కలదు. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు రైలుస్టేషను పలకమీది కెక్కినను, ఆ ప్రాంతమువారు నేటికిని ‘మానుకోటకు పోయి వచ్చితిమి’ అనియే యందురు. మ్రాను అనగా చెట్టు. మ్రాకులే కోటగోడలైన యూరు గనుక మ్రానుకోట యయ్యెనని పెద్దలు చెప్పుకొందురు. ఆ వ్యుత్పత్తి నిలుచునో నిలువదో పండితులు తేల్చుకొందురు గాక. కఱ్ఱను గూర్చి ముచ్చటించుటకు ఇంతకంటె తగిన గుమ్మము మాకు దొరకలేదు.

మేము చెప్పబోవునది చాల చిన్న వస్తువును గూర్చి: వంటయింట కూరగాయలు కోయు చెక్క. దుకాణములలో దానిని చాపింగ్ బోర్డు అందురు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలైనవి. అంతకు ముందు ఇవి చాలమట్టుకు పాత వరంగల్లు జిల్లాలోనివే. ఈ మూడింటను ఒక తరము వెనుకకు పోయి పల్లెటూరి వంటయింట అడుగుపెట్టిన, ఈ చెక్క మనకు కనబడదు. కనబడునవి రెండే. ఒకటి కత్తిపీట, రెండవది మొద్దు.

కత్తిపీటకు ఈలపీట యనియు పేరు కలదు. కన్నడిగుల ‘ఈళిగె మణె’ దీనికి దగ్గఱి చుట్టము. మరాఠీవారి విళీ, అరవవారి అరివాళ్మనై, వంగదేశీయుల బొంటి, అన్నియు ఈ కుటుంబములోనివే. నేలమీద కూర్చుండి వంట చేసిన దేశమంతటను ఏదో యొక పేరుతో ఇది యున్నది. పని చేయు తీరు చూడుడు. కత్తి కదలదు, కాయ కదలును. ఇల్లాలు పీటపై ఒక పాదము మోపి, రెండు చేతులతో వంకాయను పట్టి అలుగున కెదురుగా నొత్తును. ముక్క క్రిందనున్న నీళ్లగిన్నెలో పడును. కత్తి కఱ్ఱకు తగులనే తగులదు. అలుగును అటునిటు ఊగనీయక పట్టియుంచుటయే ఇచ్చట కఱ్ఱ చేయు కొలువు. ఆవకాయ దినములలో వెలికివచ్చు పెద్దకత్తి సంగతి మాత్రము వేరు. ఒక కొస కీలుపై తిరుగు ఆ కత్తితో మామిడికాయను టెంకతోగూడ నఱుకునపుడు దెబ్బనంతటిని పీటయే కాచుకొనవలెను. మెత్తని కఱ్ఱయైన ఒక్క వేసవికే నెఱ్ఱెలు విచ్చును.

ఈ పీటను చెక్కినది వడ్రంగి, అలుగును సాగగొట్టినది కమ్మరి. వారికి కూలి ముట్టెనా యను ప్రశ్నను మేమిచ్చట దాటిపోజాలము. రైతు ఇండ్లవారు పంటకాలమున కళ్లమువద్ద ధాన్యమును కొలిచి యిచ్చెడివారు, అది మేర. కాని దేశముఖుల గడీకి చేసిన పని వెట్టి. నిజాము ఏలుబడిలో వడ్రంగులును కమ్మరులును దొరలకు నాగళ్లు మొదలుగా వలసిన పనిముట్లన్నియు ఉచితముగా చేసి యియ్యవలసి యుండెను. ఆ వెట్టికిని, భూముల దోపిడికిని ఎదురు తిరిగిన ప్రజలలో జనగామ తాలూకావారు ముందుండిరి. విసునూరు దేశముఖు ఏలుబడిలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరగెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటకై నిలిచి పోరాడెను. చరిత్ర గ్రంథములు భూమిని గూర్చి చెప్పినంతగా బాడిసను గూర్చి చెప్పవు. అయినను పాత యిండ్లలో అటుకమీద పడియున్న కత్తిపీటలను చూచినపుడెల్ల, ఇది మేరకు చేసినదో వెట్టికి చేసినదో యను సందేహము మాకు కలుగుచుండును. కఱ్ఱను చూచి చెప్పుట సాధ్యము కాదు. రెండింటను పనితనము ఒక్కటే.

ఇక మొద్దు. దసరానాడు గాని, మేడారము జాతరలో గాని, యాటపోతు తెగినచోట మొద్దు ఉండవలసినదే. (మేడారము 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో నుండెను; ఇప్పుడు ములుగు జిల్లాలోనిది.) మాంసము కొట్టువాడు ఏ మొద్దును కోరునని యడిగిన, రెండవ మాట లేకుండ చింతమొద్దనును. దానికి కారణ మున్నది. చింతచేవ మిక్కిలి బరువు. దాని పోగులు ఒకదానిలో నొకటి అల్లుకొని యుండుటచే గొడ్డలికే సులభముగా లొంగదు. అంతకంటె ముఖ్యమైనది కోత తీరు. మొద్దు యనగా బోదెను అడ్డముగా కోసిన బిళ్ల. దాని పైభాగమున పోగుల కొసలు నిలువుగా నుండును. కత్తి దిగినపుడు పోగులు తెగవు. ప్రక్కకు ఒత్తిగిలి, కత్తి తీయగనే చాలవఱకు తిరిగి మూసికొనును. అందువలన కత్తి పదును నిలుచును, మొద్దు పొట్టు రేగదు. థాయిలాండు వంటయిండ్లలోను చింతమొద్దుకే పేరు. బక్రీదు సమీపించినదన్న ఢాకా నగర వీధులలో చింతమొద్దులు అమ్మకమునకు వచ్చును. మన యంగడివాని యెంపికనే అంత దూరమున వారును చేసినారు.

మఱి చెక్క యెట్లు వచ్చినది? కత్తివలన కాదు, పొయ్యివలన వచ్చినదని మా యభిప్రాయము. కట్టెలపొయ్యి నేలమీద నున్నంతకాలము వంట చేయునామె నేలమీదనే యుండెను. గ్యాసుపొయ్యి నట్లుంచరాదు, సిలిండరుకంటె ఎత్తున నుంచవలెను. పట్టణములలో 1960 తరువాత ఈ మార్పు మెల్లమెల్లగా వచ్చెను. పల్లెలకు పెద్దయెత్తున వచ్చుట 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమున స్త్రీలకు గ్యాసు కనెక్షను లిచ్చినప్పటినుండి. పొయ్యికొఱకు ఒక గట్టు కట్టిరి. పొయ్యి గట్టెక్కగా ఇల్లాలు లేచి నిలుచుండెను. ఆమె లేచిన తరువాత కత్తిపీట నేలమీద ఒంటరి యయ్యెను. గట్టుమీద కత్తి చేతిలోనికి వచ్చెను, కాయ కదలక నిలిచెను, కఱ్ఱకు మొదటిసారిగా కూరగాయలవద్ద కత్తిదెబ్బ తగులజొచ్చెను. నడుము నొప్పులు గలవారికి ఇది మేలే. కాని కత్తిపీట కఱ్ఱను ఎంచిన కన్నుతో ఈ చెక్కను ఎంచరాదు. మొద్దును ఎంచిన కన్నుతో ఎంచవలెను. దీనిని తెలియక మేము ఒకసారి మోసపోయితిమి. నగరమున నొక దుకాణములో అద్దమువలె మెఱయుచున్న చెక్కను కొని తెచ్చితిమి. మూడవ వారమున మెఱుగు పెచ్చులూడి దోసకాయ ముక్కలతో కలిసెను. ఒకరాత్రి తొట్టిలో నీళ్లలో మఱచితిమి. తెల్లవాఱుసరికి అతుకులు విడి రెండు ముక్కలై తేలుచుండెను.

ఈ మూడు జిల్లాలలో వడ్రంగి కడకు పోయి కఱ్ఱ నడుగువారికి ఏమి దొరకును? భూపాలపల్లి వైపున టేకు విస్తారము. నీటికి చెడదు, వంగదు, చూపులకు అందము. కాని టేకులో ఇసుకను పోలిన సిలికా యుండుటచే కత్తి పదును త్వరగా పోవును. నల్లమద్ది గట్టిది, బరువైనది. మహాదేవపురము ప్రాంతమున దసలిపట్టు పురుగులను పెంచునది మద్దిచెట్లమీదనే. నల్లతుమ్మ నాగళ్లకును బండ్లకును వాడిన కఱ్ఱ, చెక్కకు చాలును. వేపను పురుగు ముట్టదు గాని క్రొత్తలో చేదువాసన కొందఱికి సరిపడదు. మామిడి చవుక, తేమ తగిలిన బూజు పట్టి నల్లబాఱును, రెండు మూడేండ్లకు మార్చుకొనుటకు సిద్ధపడువారు తీసికొనవచ్చును. బూరుగు, మోదుగ పనికిరావు. అడవిలో ముష్టిచెట్టు కలదు. దాని గింజలలోను పట్టలోను స్ట్రిక్నిన్ అను కఠోర విషము గలదు. ఏ కఱ్ఱయో తెలియని పలకను అంగడిలో నెవడైన చేతికిచ్చిన, ఈ యొక్క చెట్టును తలచుకొని తిరిగి యిచ్చివేయుట మేలు.

చింత దొరికిన చింతయే. అయితే చింతయని చెప్పి తెల్లచెక్క నంటగట్టువారు కలరు. పైనుండు లేబొద్దు తెల్లగా నుండి పురుగుల పాలగును. లోపలి చేవ ముదురు గోధుమ, ఊదా కలిసిన రంగున నుండును. ‘వానికి చేవ యున్నది’ అని మనుష్యులను గూర్చి అనునది ఈ చేవనే. బోదె నట్టనడుమనుండు బెండు బిళ్లలోనికి రాకున్న మంచిది. పగులు అచ్చటనే ఆరంభమగును. కఱ్ఱ ఎండునపుడు చుట్టుకొలత వైపున ఎంత ముడుచుకొనునో, నడిమినుండి అంచువైపున అందులో ఇంచుమించు సగమే ముడుచుకొనును. ఆ రెండింటి పేచీయే నెఱ్ఱె. అందువలన అంగుళము మందమునకు ఒక యేడు చొప్పున నీడను ఆరవలెనని పనివారి లెక్క. ఆరినదో లేదో తెలిసికొనుటకు వ్రేలి కణుపుతో తట్టి చూడుడు: ఆరినది ఖణ్ మనును, పచ్చిది బద్దకముగా పలుకును. చెవి మీద బ్రదుకు మావంటివారికి ఈ పరీక్ష కన్నుతో చూచుటకంటె నమ్మకముగా నుండును.

ప్లాస్టిక్కు పలక శుభ్రమైనది, కఱ్ఱ రోగములకు నిలయము అనెడి మాట మన యిండ్లలోనికి బలముగా వచ్చినది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డీన్ క్లివర్, నేషె ఆక్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి 1994లో ఫలితములు ప్రకటించిరి. కఱ్ఱను ప్లాస్టిక్కంత శుభ్రముగా నుంచు ఉపాయము కనుగొనవలెనని వారు మొదలిడిరి. తీరా చూడగా కఱ్ఱమీద వేసిన సూక్ష్మజీవులు పోగులలోనికి ఇంకిపోయి, పైకి తిరిగి రాక క్రమముగా నశించెను. కత్తిగాట్లు పడిన పాత ప్లాస్టిక్కు పలకలో మాత్రము అవి గాట్లలో దాగి, చేతితో తోమినను బ్రదికియుండెను. దీనినిబట్టి కఱ్ఱను కడుగనక్కఱలేదని యెవరును తలపరాదు. మాంసమునకు వేరుగను కూరగాయలకు వేరుగను రెండు చెక్క లుండుట అన్నింటికంటె ముఖ్యము.

పోషణ పెద్దపని కాదు. పని ముగిసిన వెంటనే వేడినీళ్లతో రెండు వైపులను కడుగవలెను. ఒకేవైపు తడిసిన చెక్క వంగును. నానవేయరాదు. తుడిచి, గాలి రెండు ప్రక్కల తగులునట్లు నిలువుగా ఆనించవలెను. మండుటెండలో పెట్టుట మన యిల్లాండ్రకు మిక్కిలి ఇష్టము; అప్పడములకు మంచిదే గాని చెక్కకు పగులు తెచ్చును. వారమున కొకసారి దొడ్డుప్పు చల్లి నిమ్మడిప్పతో రుద్దిన నీచువాసన, ఉల్లివాసన పోవును. ఇక నూనె. నువ్వులనూనె, పల్లినూనె చేతికందును గాని కఱ్ఱలో నిలిచి మక్కిపోయి కంపు కొట్టును. పచ్చి అవిసెనూనె పలుచగా పూసి, మరునాడు తుడిచి, కొన్ని దినములు గాలికి విడిచిన, అది తనంతట గట్టిపడి పొరవలె నిలుచును. బజారున దొరకు మరగించిన అవిసెనూనెలో రంగుపనికి వాడు మందులు కలియును గనుక అది కూడదు. మందుల దుకాణమున అమ్ము శుద్ధిచేసిన ద్రవపారఫీను మక్కిపోదు. నెలకొకమాఱు పూసిన చాలును.

ఇంత చెప్పి చింతమొద్దును మెచ్చుకొన్న తరువాత మాకు ఒక జంకు కలుగుచున్నది. చింత త్వరగా పెరుగు చెట్టు కాదు. మొద్దుకు తగిన బోదె కలిగినదన్న, అది మన తాతలు నీడకును పులుపునకును నాటినదై యుండును. రోడ్లు వెడల్పు చేయునపుడు బాటల ప్రక్కనున్నవి కూలిపోవుట చూచుచున్నాము. సొంత భూమిలోని చెట్టునైనను కొట్టుటకు అనుమతి కావలెనని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పుచున్నది. చెక్కకొఱకు పచ్చని చెట్టును కొట్టనక్కఱ లేదు. కూలిన కొమ్మ, విప్పిన పాతయింటి దూలము, మూలపడిన ఎడ్లబండి కఱ్ఱ, వీనిలో రంగుగాని మందుగాని పూయనిది దొరికినచో, ఏండ్ల తరబడి ఆరిన చేవ యది. వడ్రంగి సంతోషముతో పుచ్చుకొనును. కూలి మాత్రము అడిగినంత యియ్యుడు.

మాయింటివద్ద ఇప్పుడొక చింతబిళ్ల గోడకు జేరవేసియున్నది. జనగామ ప్రక్క పల్లెలో నిరుటి వేసవి గాలివానకు విఱిగిన కొమ్మలోనిది. రెండంగుళముల మందము. చివరలు పగులకుండ వడ్రంగి మైనము పూసి యిచ్చినాడు. మొన్న మేము తట్టి చూచితిమి. ఇంకను బద్దకముగానే పలికినది. వచ్చే వేసవి దాక ఆగవలెను.