మంత్రసాని చెయ్యి, మత్తు మందు

మాది పావగడ తాలూకా. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. కాన్పు చేసే ఆమెను బడి భాషలో సూలగిత్తి అంటాము, ఇంట్లో మంత్రసాని అంటాము. 2018లో పద్మశ్రీ అందుకున్న సూలగిత్తి నరసమ్మ గారు మా తాలూకా కృష్ణాపురం మనిషి. ఆమె ఇంటి మాట కూడా తెలుగే.

మా అవ్వ కాన్పులన్నీ మంత్రసాని చేతి మీదే అయినాయి. నడుము రుద్దడం, వేడినీళ్ళ కాపడం, పక్కన ధైర్యం చెప్పే మనిషి. నొప్పికి ఉన్న మందు అంతే. మిగతాది ఓర్చుకోవాల.

పోయినేడు మా చెల్లెలి కాన్పుకు ముందు ఆసుపత్రి నర్సమ్మ, "నొప్పి తగ్గడానికి ఏం కావాలనుకుంటున్నావమ్మా?" అని అడిగింది. ఇంట్లో పెద్ద చర్చ. "మన ఇంట్లో ఎవరూ మందు తీసుకోలేదు" అన్నారు పెద్దవాళ్ళు. అప్పుడే మేము ఈ చరిత్ర వెతికినాము.

ఈ చర్చ కొత్తది కాదు. 1847లో ఎడిన్‌బరోలో డాక్టర్ సింప్సన్ కాన్పు నొప్పులకు ముందు ఈథర్, తర్వాత క్లోరోఫామ్ వాడినాడు. వద్దన్నవాళ్ళలో డాక్టర్లూ ఉన్నారు. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకు జాన్ స్నో చేత క్లోరోఫామ్ తీసుకున్నాక జనానికి బెరుకు తగ్గింది.

కానీ క్లోరోఫామ్‌తో ప్రాణాలు పోవడమూ ఉండేది. అది ఎందుకో తేల్చడానికి 1888, 1889లో పరీక్షలు జరిగింది మన హైదరాబాదులోనే, నిజాం ఖర్చుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో. అక్కడే వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. గుండెకూ కాలేయానికీ చేటని తేలి క్లోరోఫామ్ తర్వాత పోయింది. మెరుగైన దారులు వచ్చినాయి.

నర్సమ్మ వాటినే వివరించింది. సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ కలిసిన గాలిని తల్లే మాస్కు పట్టుకొని పీల్చుకోవచ్చు. తల తిరగొచ్చు. పెథిడిన్ సూది నొప్పి కొంత తగ్గిస్తుంది. పుట్టేముందు ఇస్తే బిడ్డ మగతగా ఉండొచ్చు, ఊపిరి మందగించొచ్చు. నడుములో వేసే ఎపిడ్యూరల్ బాగా పనిచేస్తుంది. దానికి మత్తు డాక్టరు ఉండాల, బీపీ చూస్తూ ఉండాల. కాళ్ళు బరువెక్కొచ్చు, ముక్కే దశ కాస్త సాగొచ్చు.

మందు లేని దారీ ఆమె చెప్పింది: ఊపిరి మీద ధ్యాస, మర్దన, కాపడం, తోడు మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఎపిడ్యూరల్‌తో పాటు ఇవన్నీ ఉన్నాయి. ఏది కావాలో తల్లి ఇష్టం చూడమంటాయి. మంత్రసాని చెయ్యి పాతబడలేదన్నమాట.

చెల్లెలు ముందు నడిచింది. అమ్మ నడుము రుద్దింది. నొప్పులు ఎక్కువైనాక ఎపిడ్యూరల్ అడిగింది. తప్పు చేసినానేమో అని తర్వాత అవ్వ ముఖం చూసింది.

అవ్వ బిడ్డను ఒళ్ళోకి తీసుకొని ఒకటే మాట అనింది: "నిన్ను అడిగినారు, నువ్వు చెప్పినావు. మమ్మల్ని ఎవరు అడిగినారే?"