దుంగల ఓడల్లో మనుషులు

పందొమ్మిదో శతాబ్దపు పూర్వార్ధంలో ఐర్లండు నుంచి కెనడాకు వలసపోయిన లక్షలాది మంది ఎక్కిన ఓడల్లో అధికభాగం కలప మోయడానికి కట్టినవే. నెపోలియన్ యుద్ధాల కాలంలో బాల్టిక్ తీరపు కలప అందక బ్రిటన్ క్విబెక్ అడవుల మీద పడింది. అక్కడి నుంచి దుంగలు తెచ్చిన ఓడ ఖాళీగా తిరిగివెళితే సముద్రంలో నిలకడగా ఉండదు గనుక అడుగున రాళ్లో ఇసుకో నింపవలసి వచ్చేది. రాళ్లు కిరాయి ఇవ్వవు, మనుషులు ఇస్తారు.

డెక్కుకూ సరుకు గదికీ నడుమ ఉండే స్టీరేజ్ అనే చోట పలకలతో తాత్కాలికంగా అరలు కొట్టి, ఆరడుగుల చదరంలో నలుగురేసి పెద్దవాళ్లను పడుకోబెట్టేవారు. క్విబెక్ చేరగానే కలపకు చోటు కావాలి గనుక ఆ అరలను ఊడబెరికేవారు. వారాల తరబడి వందల మంది బతికిన చోటు ప్రతి ప్రయాణంలోనూ ఇలా చెరిగిపోవడం చరిత్రకు జరిగిన పెద్ద నష్టం.

1847లో, బంగాళాదుంప తెగులు తెచ్చిన కరవు నడుమ, ఈ ఓడలకు శవపేటిక ఓడలని పేరు పడింది. సెయింట్ లారెన్స్ నదిలోని గ్రోస్ ఐల్ దీవిలో, అంటురోగులను విడిగా ఉంచే కేంద్రం దగ్గర, ఆ ఒక్క ఏడే అయిదు వేల మందికి పైగా ఖననమయ్యారు. చాలామందిని బలిగొన్నది పేలు మోసే టైఫస్ జ్వరం.

అదే ఏట క్విబెక్‌లో జాన్ మన్ కట్టిన ‘జీనీ జాన్‌స్టన్’ను ఐర్లండులోని ట్రాలీ పట్టణపు వర్తకుడు నికొలస్ డోనవన్ కొన్నాడు. ఇది బార్క్, అంటే మూడు స్తంభాల్లో వెనుకదానికి మాత్రం చాపను ఓడ పొడవు వెంట కట్టే నౌక. 1848 ఏప్రిల్ 24న 193 మందితో బయలుదేరిన ఈ ఓడ, 1855 వరకు 16 ప్రయాణాల్లో రెండున్నర వేల మందిని దాటించినా ఒక్క ప్రాణమూ పోలేదు. దీన్ని అద్భుతమనడం పరిపాటే గాని, కెప్టెన్ జేమ్స్ ఆట్రిడ్జ్ అనుభవమూ, డాక్టర్ రిచర్డ్ బ్లెనర్‌హాసెట్ శుభ్రత మీద పెట్టిన పట్టుదలా చాలినప్పుడు, తక్కిన ఓడల్లోని చావులను విధి ఖాతాలో రాయడం న్యాయం కాదు. 1858లో కలపతో వస్తూ నీరెక్కినప్పుడు సైతం సిబ్బంది స్తంభాల తాళ్లెక్కి తొమ్మిది రోజులు వేలాడి, డచ్చి ఓడ ఒకటి రాగా అందరూ బతికి బయటపడ్డారు.

తర్వాతి కథ క్లుప్తం: 1870ల నాటికి వలసదారులు ఆవిరి ఓడలకు మళ్లిపోయారు. జీనీ జాన్‌స్టన్ నకలు 2003లో అట్లాంటిక్ దాటి, నేడు డబ్లిన్ రేవులో ప్రదర్శనకు ఉంది. దానికి డీజిల్ ఇంజన్లూ నీరు చొరని ఉక్కు అడ్డుగోడలూ అమర్చారు.